గద్ద రెక్కల మీద నలుపు

బుధవారం మధ్యాహ్నం వానలో వచ్చిన మార్లీన్ డూడాష్ గొడుగు ముడవడం మరిచిపోయింది. తెరిచిన గొడుగుతోనే ఆఫీసు గుమ్మం దాటబోయి ఇరుక్కుపోయింది. నడీన్ లేచి వెళ్ళి గొడుగు విడిపించి, మూలన ఆనించి, కిటికీ పక్కనున్న కుర్చీ చూపించింది. వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, వేళ్ళ కొసలు ఎంత కడిగినా వదలని నలుపు. పనిచేసే చేతులు. ఆ చేతులు ఇప్పుడు ఒళ్ళో నిలవడం లేదు.

"కాఫీ తాగుతూ చెప్పండి," అంది థెల్మా గ్రూనవాల్డ్. "వేడి కప్పు పట్టుకుంటే వణుకు తగ్గుతుంది."

కార్వర్స్ రన్ అనే ఊళ్ళో బేకరీ మీది గదిలో థెల్మా ఆఫీసు. ఇరవై ఆరేళ్ళు బీమా కంపెనీలో కాలిన ఇళ్ళు చూసింది. ఏ మంట దానంతటది అంటుకుందో, ఏది ఎవరు అంటించారో చెప్పడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. నడీన్ పావ్లిక్ అంతకుముందు స్కూలు బస్సు నడిపేది. నలుగురిలో నోరు విప్పడం ఆమెకు చేతకాదు. వినడం, విన్నది విన్నట్టు నోటుబుక్కులో రాయడం మాత్రం బాగా వచ్చు. థెల్మాకు కావలసింది అదే. రెండేళ్ళుగా నడీన్ ఆమె పక్కనే ఉంది, ఆమె మనసు ఎలా నడుస్తుందో ఇంకా పట్టుకోలేకపోయింది.

"నేను చెయ్యని పనికి నా పేరు పోతోందండీ," అంది మార్లీన్. "శనివారం పొద్దున ఫైర్ స్టేషన్ హాల్లో, తుపాకుల ప్రదర్శన మొదలయ్యే ముందు, అందరి ఎదురుగా చదువుతారట. ఇకమీద మార్లీన్ డూడాష్‌కి ఎవరూ పని ఇవ్వకూడదని."

"ఎవరు చదువుతారు?"

"క్లబ్బు వాళ్ళు. పాత సైన్యాల తుపాకులు పోగుచేసేవాళ్ళ క్లబ్బు. నాకొచ్చే పనంతా వాళ్ళదే. ఉక్కు మిల్లు మూతపడ్డాక మా ఆయన వారానికి మూడు రోజులే పనికెళ్తున్నాడు. ఇంటి వెనక షెడ్డులో నేను తుపాకులు బాగుచేస్తాను, మా నాన్న దగ్గర నేర్చుకున్నా. ఆడమనిషికేం తెలుసని మొదట నవ్వారు. పదకొండేళ్ళు పట్టింది ఆ నవ్వు ఆపించడానికి. ఇప్పుడు మళ్ళీ నవ్వడానికి కూడా ఎవరూ రారు."

జరిగిందేమిటో ఆమె మెల్లగా చెప్పింది. కేసీ వోయ్తాస్ అనే ముసలాయన దగ్గర ఒక పిస్తోలు ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలండ్ సైన్యం కోసం చేసినది. పైభాగం మీద కిరీటం పెట్టుకున్న గద్ద చెక్కి ఉంటుంది. యుద్ధమయ్యాక మిగులు సరుకు కింద పెట్టెల్లో అమెరికాకు వచ్చింది. గద్ద ఉన్నది ఈ జిల్లా మొత్తంలో ఇదొక్కటే, అదీ పుట్టినప్పటి మెరుగుతోనే ఉన్నది. తూటాల గూటిలో స్ప్రింగు బలం తగ్గిందని నెల కిందట కేసీ దాన్ని మార్లీన్‌కు ఇచ్చాడు. ఆమె స్ప్రింగు మార్చింది. ఈలోపు కేసీ కంట్లో పొర తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. క్లబ్బు సెక్రెటరీ ఫ్లాయిడ్ సోబ్‌చక్‌కు ఇచ్చి పంపమన్నాడు. శుక్రవారం ఆమె పెట్టెతో సహా ఫ్లాయిడ్ చేతికిచ్చింది. ఆదివారం కేసీ కంటి కట్టు విప్పారు. ఫ్లాయిడ్, క్లబ్బులో వస్తువుల మంచిచెడ్డలు తేల్చే రేమండ్ కూలిక్, ఇద్దరూ వెళ్ళి పెట్టె తెరిచారు.

"నల్లగా నిగనిగలాడుతోందట. అంచుల్లో తెల్లబడ్డ పాత అరుగుదల ఏదీ లేదట. గద్ద ఈకలు చదునైపోయాయట. పాతదానికి కొత్త మెరుగు పెట్టి నాశనం చేశాను, విలువలో ముప్పాతిక పోయింది అని రేమండ్ అక్కడికక్కడే తేల్చేశాడు. మా ఇంటికొచ్చి మరీ అన్నాడు, 'పెట్టేముందు ఒక్క మాట అడగాలని తోచలేదా అమ్మాయ్' అని."

"కొత్త మెరుగు ఎలా పెడతారు?" అంది థెల్మా.

"ప్రతి ముక్కా విప్పాలి. చీమంత మర కూడా మిగలకూడదు. పాత వన్నె తీసేసి, నునుపు చేసి, ఉప్పుల ద్రావకంలో మరిగించాలి. నీళ్ళు మరిగే వేడి దానికి చాలదు, ఇంకా చాలా ఎక్కువ కావాలి. అప్పుడు ఉక్కే నల్లబడుతుంది. అది పైన పూసింది కాదండీ, ఉక్కు చర్మమే."

నడీన్‌కు ఒక సందేహం వచ్చింది. అడగాలా వద్దా అని పెన్సిలు కొరికింది. చివరికి అడిగేసింది. "పాతవాటికి మెరుగు పెట్టడం అంత తప్పా అండీ?"

"వస్తువుని బట్టి," అంది మార్లీన్. అప్పటిదాకా లేని స్థిమితం ఆమె గొంతులోకి వచ్చింది. "తుప్పు పట్టి, సగం రంగు పోయి, వేలకొద్దీ దొరికే రకమైతే పెట్టించుకుని హాయిగా వాడుకోమంటాను. సైన్యం వాళ్ళే తమ డిపోలో మళ్ళీ మెరుగు పెట్టించి ఉంటే అది దాని చరిత్రలో భాగం, ఎవరూ తప్పుపట్టరు. కానీ కేసీ పిస్తోలు లాంటిది ఉందే, దాని గీతలే దాని మాటలు. అవి తుడిచేస్తే అది మూగదైపోతుంది. నా దగ్గరికి వచ్చే పనుల్లో సగం ఇలాంటివి వద్దని నేనే తిప్పి పంపిస్తాను. అలాంటిది దాన్నే..."

థెల్మా లేచి ఆమె కప్పులో మళ్ళీ కాఫీ పోసింది.

*

గురువారం పొద్దున కేసీ వోయ్తాస్ తలుపు తీసి, కొత్త కన్ను చికిలించి ఇద్దరినీ కాసేపు చూశాడు.

"ఆపరేషన్ అయ్యాక అందరూ వయసుమళ్ళి కనిపిస్తున్నారు," అన్నాడు. "మా ఆవిడ ఫొటో తప్ప. రండి."

వంటింట్లో బొగ్గు పొయ్యి మండుతోంది. పక్కన చెక్క కుర్చీ. కుర్చీ చేతిమీద తువ్వాలు, తువ్వాలులో పిస్తోలు. నడీన్ తుపాకులను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అందంగానే ఉందనిపించింది. పియానో మూతలా నల్లగా మెరుస్తోంది. గద్ద మాత్రం మంచులో నుంచి చూసినట్టు మసకగా ఉంది.

"ఆదివారం నుంచీ ఇక్కడే ఉందా?" అంది థెల్మా.

"నా ఒళ్ళో ఉంది, అబద్ధమెందుకు. చచ్చినవాళ్ళ దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్నతో ఓడెక్కి వచ్చేశాను. మా అన్న జిగ్మంత్ అక్కడే ఉండిపోయాడు. సైన్యంలో చేరాడు. ముప్ఫై తొమ్మిది సెప్టెంబరులో జర్మన్లు దండెత్తాక ఉత్తరం లేదు. వాడి నడుముకి ఇలాంటిదే ఉండేది, ఫొటోలో చూశా. సామాన్ల కొట్లో మిగులు పెట్టె తెరిచినప్పుడు ఈ గద్ద కనబడింది. అంతే." ఆయన ముక్కు చీదుకున్నాడు. "మార్లీన్ మంచి పిల్ల. నాకు మెరుగు బాగుంటుందనుకుని చేసిందేమో. అరవలేను దాని మీద."

థెల్మా పిస్తోలు మీదికి వంగింది. ముట్టుకోలేదు. "ఈ మచ్చ ఏమిటి?"

పైభాగం పక్కన, మెరుపు మధ్యలో, మెరుపు లేని ఒక బొటనవేలి గుర్తు. గీతలతో సహా స్పష్టంగా ఉంది.

"నాదే. తుడిచినా పోవడం లేదు."

ఇంతలో వెనక తలుపు తట్టి, పిలవకుండానే ఒక పొడుగాటి మనిషి లోపలికొచ్చాడు. రేమండ్ కూలిక్. కోటు జేబులోంచి తెల్ల నూలు చేతొడుగులు తొంగిచూస్తున్నాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, ఇంకా అందరూ తన క్లాసులోనే ఉన్నట్టు మాట్లాడతాడు.

"డిటెక్టివ్‌ని పెట్టుకుందన్నమాట మార్లీన్. చేసిన పని చేశానని ఒప్పుకుంటే సరిపోయేదానికి."

"మీరు దీన్ని ఎలా పరీక్షించారండీ?" అంది థెల్మా.

"ఎలా పరీక్షించాలో అలాగే. చేతొడుగులు వేసుకుని, కిటికీ దగ్గర, భూతద్దంతో. ఈకల అంచులు పోయాయి. సానపట్టిన గుర్తు. ఆ వేలిముద్ర కూడా చూశా. నాసి పని అని దానర్థం."

"పిడి పలకలు విప్పి లోపల చూశారా?"

రేమండ్ ముఖం మాడిపోయింది. "ఎందుకు విప్పుతాం? మర గాడి ఒకసారి చెదిరితే మళ్ళీ రాదు. క్లబ్బులో ఎవరూ ఊరికే మరలు తిప్పరు, ఒట్టి చేత్తో ముట్టుకోరు, గుడ్డతో రుద్దరు. ఇవి మాకు బైబిల్ లాంటివి."

"కొన్నప్పట్నుంచి ఆ పలకలు ఎవరూ విప్పలేదు," అన్నాడు కేసీ.

"చూడు కేసీ, నేనొచ్చింది అందుక్కాదు," అన్నాడు రేమండ్ గొంతు తగ్గించి. "దీన్ని విడిభాగాల కింద నేను తీసుకుంటా. నా దగ్గరున్న దానికి గొట్టం కావాలి."

"నీకంటే ముందు ఫ్లాయిడ్ అడిగాడురా. వాడి దగ్గర గద్ద లేని మామూలుది ఉందిగా, అది నాకిచ్చి ఇది తీసుకుంటానన్నాడు. 'పాడైపోయింది నాకు, మంచిది నీకు, ముప్పై ఏళ్ళ స్నేహం కోసం' అంటే నాకు ఏడుపొచ్చింది. శనివారం ప్రదర్శన అయ్యాక కాగితాలు రాసుకుంటాం." కేసీ తువ్వాలు సర్దాడు. "పాపం, దీని గురించి నాకంటే వాడికే బెంగ. పొయ్యి దగ్గర పెట్టకు, కొత్త మెరుగు చెడుతుంది, చల్లటి అరలో పెట్టు అని రోజూ ఫోన్ చేస్తాడు. నేనే వినడం లేదు."

కార్లో కూర్చోగానే నడీన్ అంది, "రేమండేనండీ. విలువ పోయిందని చెప్పింది ఆయనే, కొంటానన్నదీ ఆయనే."

"ఊఁ," అంది థెల్మా. "నీ ఎడమ బూటు మడమ ఊడొస్తోంది, చూసుకున్నావా? ఫ్లాయిడ్ సోబ్‌చక్ బూట్లు బాగుచేస్తాడట. పద."

*

ఫ్లాయిడ్ కొట్టు తోలు వాసనతో, వెచ్చగా ఉంది. గుండ్రటి మనిషి, గుండ్రటి కళ్ళద్దాలు. నడీన్ బూటు తిప్పి చూసి నాలుక చప్పరించాడు.

"బస్సు నడిపిన కాళ్ళే ఇవి. క్లచ్చు తొక్కి తొక్కి ఒక పక్కే అరిగింది. కూర్చోమ్మా, పావుగంట."

"పిస్తోలు పెట్టె మీ దగ్గర ఎన్నాళ్ళుంది?" అంది థెల్మా.

"శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా. తెరవలేదు. మనది కానిది తెరవకూడదు కదా." మడమకు మేకులు కొట్టాడు. "మార్లీన్‌ని నేనేమీ అనను. ఆడపిల్ల, అందంగా చేద్దామనుకుంది. రేమండే ఊరుకోడు."

"మీ పిస్తోలు కూడా కేసీ కొన్నచోటే కొన్నారా?"

"అదే పెట్టెలోది. యాభై ఆరులో. వరసలో వాడు ముందు, నేను వెనక." సుత్తి ఒక్క క్షణం ఆగింది. "వాడి చెయ్యి ముందు పడింది. అంతే తేడా."

మడమ బిగించాక, ఒక నల్లటి కడ్డీని వేడి ఇనుప పనిముట్టుకు ఆనించి, కరిగిన దాన్ని అట్ట అంచు పొడుగునా రాశాడు. ఆరాక గుడ్డతో రుద్దితే, మేకుల గుర్తులు, తోలు పొరలు, గీతలు ఏవీ కనబడకుండా అంచు అద్దంలా మెరిసింది.

"భలే ఉందండీ," అంది నడీన్ నిజంగానే సంబరపడి.

"అదీ పనితనం అంటే. ఎండలో వదిలెయ్యకు మరి."

బయటికొచ్చాక కొత్త మడమతో నడీన్ టకటకా నడుస్తుంటే థెల్మా ఆ బూటు వంకే చూస్తోంది. శుక్రవారం ఒక్కతే మళ్ళీ కేసీ ఇంటికి వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చింది. ఏం చేశారని నడీన్ అడిగితే, "కాఫీ తాగాను, చెంచా అరువు తీసుకున్నాను," అంది.

*

శనివారం పొద్దున ఫైర్ హాల్లో బల్లలు వరసగా వేసి ఉన్నాయి. వంటగదిలో ఆడవాళ్ళు పియెరోగీలు, బంగాళాదుంప కూరిన పోలండ్ కజ్జికాయలు, ఉడికిస్తున్నారు. ఉల్లిపాయలు వెన్నలో వేగుతున్న వాసన హాలంతా పరుచుకుంది. తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉంది. ముప్పైమంది దాకా క్లబ్బువాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. మార్లీన్ చివరి వరసలో, పెదవి కొరుక్కుంటూ, పనిముట్ల సంచి పాదాల దగ్గర పెట్టుకుని కూర్చుంది. సంచి తెమ్మన్నది థెల్మానే.

రేమండ్ లేచి కాగితం మడత విప్పాడు.

"అది చదివే ముందు నాకు పదిహేను నిమిషాలివ్వండి," అంది థెల్మా. "తర్వాత కూడా చదవాలనిపిస్తే చదవండి, నేనే మైకు పట్టుకుంటాను."

ఎవరో నవ్వారు. రేమండ్ కూర్చున్నాడు. కేసీ తువ్వాలు విప్పి పిస్తోలు బల్లమీద పెట్టాడు.

"నాకు తుపాకులు తెలియవు," అంది థెల్మా. "కాలిన గోడలు తెలుసు. అగ్ని ఎక్కడ మొదలైందని అందరూ అడుగుతారు. నేను ముందు అసలు అగ్నేనా అని అడుగుతాను. ఇక్కడ కూడా అదే అడిగాను. మెరుగు ఎవరు పెట్టారని మీరంతా అడిగారు. అసలు పెట్టారా అని ఎవరూ అడగలేదు."

"కళ్ళకు కనబడుతుంటే అడగడమేమిటి?" అన్నాడు రేమండ్.

"కొత్త మెరుగు పెట్టాలంటే ఏం చెయ్యాలి, రేమండ్?"

"అంతా విప్పి, మరిగే ద్రావకంలో ముంచాలి."

"అయితే పిడి పలకల కింద కూడా నల్లగా ఉండాలి. కేసీ, మీరు సరేనంటే మార్లీన్ విప్పుతుంది."

కేసీ తలూపాడు. మార్లీన్ ముందుకొచ్చింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, దాని కొసను మర గాడిలో పెట్టి చూసి, తీసి, చిన్న ఆకురాయితో రెండుసార్లు రాసి, మళ్ళీ పెట్టి చూసింది. కొస గాడిలో సరిగ్గా కూర్చునేదాకా అలాగే చేసింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. మర కిర్రుమనకుండా తిరిగింది. పలక ఊడొచ్చింది.

లోపల నలుపు లేదు. బూడిద కలిసిన పాత నీలం, దానిమీద ఎండి పసుపుపచ్చగా గట్టిపడ్డ గ్రీజు.

"పెట్టెల్లో వచ్చినప్పటి గ్రీజు," అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"మరిగే ద్రావకంలో మునిగితే అది మిగులుతుందా?" అంది థెల్మా. రేమండ్ చేతొడుగులు వేసుకుని దగ్గరికొచ్చి, వంగి, చాలాసేపు చూశాడు. వంగినవాడు లేవడానికి టైం పట్టింది.

"మీ కళ్ళలో లోపం లేదు," అంది థెల్మా మెత్తగా. "మర తిప్పకూడదు, రుద్దకూడదు, ముట్టకూడదు. ఆ మర్యాదే మిమ్మల్ని మోసం చేసింది. మీరెవరూ దీన్ని ముట్టరని తెలిసిన మనిషే ఈ పని చేశాడు. తను కూడా మర గాడి చెడగొట్టడానికి మనసొప్పక లోపల వదిలేశాడు. మామూలు దొంగకు ఆ బెంగ ఉండదు."

"మరి ఈ నలుపేంటి?" అన్నాడు కేసీ.

"మీ వేలిముద్రే చెప్పింది. ఉక్కు మీద వేలిముద్ర తడిలా పడుతుంది, తుడిస్తే పోతుంది. ఇది దిగబడింది. పొయ్యి దగ్గర వెచ్చబడినప్పుడు మెత్తనైన దాని మీద పడింది. నిన్న కేసీ అనుమతితో, వేడి కాఫీలో ముంచిన చెంచాను పిస్తోలు అడుగున ఆనించాను. చెంచా నల్లబడింది."

ఆమె వంటగది వైపు తిరిగి, పియెరోగీలు చల్లారకుండా పెట్టే వేడి దీపం అడిగింది. వంటావిడ తీగతో సహా తెచ్చి బల్లమీద పెట్టింది. దీపం కింద మార్లీన్ పిస్తోలును తువ్వాలుమీద పడుకోబెట్టింది. నాలుగైదు నిమిషాలు గడిచాయి. మెరుపు మీద సన్నటి చెమట లాంటిది పట్టింది. మార్లీన్ మెత్తటి ఫ్లానెల్ గుడ్డ వేలికి చుట్టుకుని, ఒక్కసారే, ఊపిరి బిగబట్టి, గద్ద మీదుగా లాగింది.

గుడ్డ నల్లగా వచ్చింది. కింద ముదురు నీలం. అంచుల్లో ఒర రాసుకుని తెల్లబడ్డ పాత గీతలు. మరోసారి లాగింది. గద్ద ఈకలు ఒక్కొక్కటే, సూదితో గీసినంత సన్నగా, బయటపడ్డాయి.

కేసీ కొత్త కన్నూ పాత కన్నూ రెండూ తుడుచుకున్నాడు. "ఎప్పుడూ ఇంత బాగా చూడలేదు దీన్ని," అన్నాడు. "పొర అడ్డం ఉండేది కదా."

నడీన్ రాయడం మరిచిపోయింది. ఆ గుడ్డ నుంచి వస్తున్న వాసన మాత్రం ఆమెకు తెలుసు. రెండు రోజులుగా తన ఎడమ బూటు నుంచి వస్తున్నదే. తలెత్తి థెల్మా వైపు చూసింది. థెల్మా చిన్నగా తలూపింది.

"చెప్పు నడీన్."

ముప్పై తలలు తనవైపు తిరిగాయి. నడీన్ చెవులు ఎర్రబడ్డాయి. "బూట్ల అంచులకు రాసే మైనం," అంది, తనకే వినబడనంత మెల్లగా. తర్వాత కొంచెం గట్టిగా, "వేడికి కరుగుతుంది. గీతలు కప్పేస్తుంది."

అందరూ ఫ్లాయిడ్ సోబ్‌చక్ వంక చూశారు.

"ఆ మైనం ఏ కొట్లోనైనా దొరుకుతుంది," అన్నాడు ఫ్లాయిడ్. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు.

"దొరుకుతుంది," అంది థెల్మా. "కానీ పొయ్యి దగ్గర పెట్టవద్దని కేసీకి రోజూ ఫోన్ చేసింది మీరు. నిజంగా మెరుగు పెట్టి ఉంటే, అంత వేడిలో మరిగిన ఉక్కుకి వంటింటి పొయ్యి ఒక లెక్కా? ఇక్కడున్న ప్రతివాళ్ళకీ అది తెలుసు, మీకు కూడా. ఇది కరుగుతుందని భయపడింది మీరొక్కరే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా పెట్టె మీ దగ్గరే ఉంది. అందరూ పాడైపోయిందన్న దాన్ని మంచిదిచ్చి తీసుకుంటానన్నది కూడా మీరే. రేమండ్ అడిగింది విడిభాగాలకు, ఒక్క మంచి ముక్క కూడా వదులుకుంటానని ఆయన అనలేదు."

వంటగదిలో ఎవరో మూత కింద పడేశారు.

"అమ్ముకుందామని కాదు," అన్నాడు ఫ్లాయిడ్ చివరికి. కేసీతోనే అన్నాడు, మిగిలినవాళ్ళు లేనట్టు. "ఎవరికీ చూపించేవాణ్ణి కూడా కాదు. ఇంట్లో తలుపేసుకుని చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఆ పెట్టెలో నేను కూడా గద్దనే చూశానురా. నీ చెయ్యి పడింది. నవ్వి ఊరుకున్నా. ముప్పై ఏళ్ళు నవ్వి ఊరుకున్నా. మీ అన్న గురించి నువ్వు ఎప్పుడు చెప్పినా, నాకు అడగడానికి కూడా హక్కు లేదని ఇంకా కుళ్ళొచ్చేది. దానికి చిన్న గీత కూడా పడకుండా చేశా. అది మాత్రం నమ్ము."

"గీత పడలేదు," అన్నాడు కేసీ. "కానీ మార్లీన్ సంగతేంట్రా? ఆ పిల్ల ఇల్లు గడవడం గురించి ఒక్కసారైనా అనుకున్నావా?"

ఫ్లాయిడ్ తల వంచుకున్నాడు. "అనుకోలేదు. పిస్తోలు ఒక్కటే కనబడింది."

"అదే తప్పు. మిగిలింది నేను మర్చిపోతా, కొంచెం టైం పడుతుంది. అది మాత్రం నువ్వు వెళ్ళి ఆ పిల్లకు చెప్పుకోవాలి."

ఫ్లాయిడ్ లేచి మార్లీన్ దగ్గరికి వెళ్ళాడు. ఏమన్నాడో నడీన్‌కు వినబడలేదు. మార్లీన్ వెంటనే తలూపలేదు. గుడ్డ మడతపెడుతూ చాలాసేపు నిలబడి, అప్పుడు ఏదో ఒక ముక్క అంది. ఫ్లాయిడ్ క్లబ్బు తాళాల గుత్తి తీసి బల్లమీద పెట్టి, టోపీ తీసుకుని, పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ అరవలేదు.

రేమండ్ తన కాగితం మళ్ళీ విప్పాడు. కలం తీసి, పైనుంచి కింది దాకా ఒక గీత గీసి, వెనక్కి తిప్పి, నిలబడే రాశాడు. రాయడం అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"మార్లీన్ డూడాష్ పనితనం మీద నేను చేసిన ఆరోపణ తప్పు," అని చదివాడు. "పరీక్ష సరిగా చెయ్యకుండా తీర్పు చెప్పింది నేను. ఇది ఈ రోజు తలుపు మీద అంటిస్తాం, వచ్చేవాళ్ళందరూ చదివేలా. ఇంకొకటి రాయలేదు కానీ అడుగుతున్నా. ఇవాళ పరీక్ష బల్ల దగ్గర నాతో కూర్చుంటావా, మార్లీన్? మేం చూడలేనిది చూసేవాళ్ళు ఒకరు కావాలి."

"కూర్చుంటా," అంది మార్లీన్. "కానీ విప్పాలనిపిస్తే విప్పుతాను. మీరు మూలగకూడదు."

"మూలుగుతా. నువ్వు పట్టించుకోకు."

ఈసారి హాలంతా నవ్వింది. మార్లీన్ కూడా నవ్వింది. బుధవారం నుంచి నడీన్ ఆ నవ్వు చూడటం ఇదే మొదలు. ముఖం పదేళ్ళు వెనక్కి పోయినట్టుంది.

"మేడమ్, రేమండే అని నేను పందెం కాసేదాన్ని," అంది నడీన్, బల్లల మధ్యనుంచి నడుస్తుంటే.

"చివరికి చెప్పింది నువ్వేగా," అంది థెల్మా. "అదీ ముప్పైమంది ముందు. పద, పియెరోగీలు చల్లారిపోతాయి."

పదింటికి తలుపులు తెరిచారు. గంట తిరక్కుండానే పరీక్ష బల్ల ముందు వరస కట్టారు. అందరికంటే ముందు మిల్లు జాకెట్ వేసుకున్న ఒక కుర్రాడు, న్యూస్‌పేపర్లో చుట్టిన పాత పిస్తోలు మార్లీన్ ముందు పెట్టాడు. వాళ్ళ తాతదట. బోలెడు తుప్పు, సగం రంగు లేదు.

"దీనికి కొత్త మెరుగు పెట్టిస్తే విలువ పోతుందా అండీ?"

మార్లీన్ రేమండ్ వంక చూసింది. రేమండ్ చేతులు కట్టుకుని కుర్చీ వెనక్కి జరిపాడు, నువ్వే చెప్పు అన్నట్టు.

"చెప్తా," అంది మార్లీన్. "ముందు ఆ కాగితం తీసి, ఇలా కిటికీ దగ్గరికి రా. మీ తాత దీన్ని ఎక్కడెక్కడ పట్టుకున్నాడో చూద్దాం."